కాంపోటా, క్రాచేనా? కంబోడియాలో నది ఒడ్డున నాలుగు రాత్రులు

రేవుగట్టు | సోమవారం ఉదయం 8:12
ఫిబ్రవరి రెండో వారంలో కంబోడియా ప్రయాణం. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ మీదుగా సియెమ్ రీప్‌లో దిగుతాం. అంకోర్‌కి మూడు రోజులు. తిరుగు విమానం నామ్‌పెన్ నుంచి. మధ్యలో నాలుగు రాత్రులు మిగిలాయి. వాటిని ఒకే ఊళ్లో, నది పక్కన, హడావిడి లేకుండా గడపాలి. రెండు పేర్లు తేలాయి: దక్షిణాన కాంపోట్, ఈశాన్యాన మెకాంగ్ మీద క్రాచే. మేమిద్దరం, అమ్మా నాన్నా. పెద్దవాళ్లకి అరవై దాటాయి, అమ్మకి మోకాళ్ల నొప్పులు, అందరం శాకాహారులం. నాన్నకి డాల్ఫిన్లు చూడాలని ఉంది. రెండూ తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లమిరియం | సోమవారం ఉదయం 9:05
ముందు దారి లెక్క చూసుకోండి. ఈ రెండు ఊళ్లకీ నామ్‌పెన్ మధ్యలో ఉంటుంది, ఒకటి అటు కొసన, ఇంకొకటి ఇటు కొసన.

సియెమ్ రీప్ నుంచి క్రాచే వ్యాన్‌లో ఏడెనిమిది గంటలు. క్రాచే నుంచి నామ్‌పెన్ మరో అయిదారు. మొత్తం పన్నెండు నుంచి పద్నాలుగు గంటలు.

సియెమ్ రీప్ నుంచి నామ్‌పెన్ ఆరో నంబరు జాతీయ రహదారి మీద ఆరు గంటలు, అక్కడి నుంచి కాంపోట్ దాదాపు 150 కిలోమీటర్లు, మూడు మూడున్నర గంటలు. వెనక్కి మళ్లీ అంతే. ఇదీ పన్నెండు పదమూడు గంటలే.

అంటే గంటల్లో పెద్ద తేడా లేదు. తేడా ఎక్కడంటే, కాంపోట్ ప్రయాణాన్ని ముక్కలు చేసుకోవచ్చు. సియెమ్ రీప్ నుంచి నామ్‌పెన్‌కి విమానం గంటలోపే. డబ్బు పెట్టగలిగితే రోడ్డు మీద ఆరు గంటలు మిగిలిపోతాయి. క్రాచేకి ఆ వీలు లేదు, రోడ్డే గతి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లని పదిహేను మందిని కుక్కిన వ్యాన్‌లో ఎనిమిది గంటలు కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు.

ఇంకో సంగతి. నామ్‌పెన్ విమానాశ్రయం మారింది. 2025 సెప్టెంబరులో తెరిచిన కొత్త తేచో విమానాశ్రయం నగరానికి దక్షిణాన ఉంది. కాంపోట్ నుంచి వచ్చేవాళ్లు నగరంలోకి దూరకుండా నేరుగా అక్కడికి పోవచ్చు. క్రాచే నుంచి వస్తే నగరం మొత్తం దాటాలి, సాయంత్రం ట్రాఫిక్‌లో అదే గంటన్నర తినేస్తుంది.

పాలపిట్ట | సోమవారం ఉదయం 10:40
దారి లెక్క సరే. కానీ అడిగినవాళ్లు వెళ్లేది ఫిబ్రవరిలో. క్రాచేకి అంతకన్నా మంచి నెల లేదు, ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

వానాకాలంలో మెకాంగ్ పొంగి ఒడ్డుల దాకా వస్తుంది, డాల్ఫిన్లు ఎక్కడికంటే అక్కడికి వెళ్లిపోతాయి. జనవరి నుంచి మే దాకా నీళ్లు తగ్గి, లోతైన మడుగుల్లోనే చేరతాయి. ఊరికి 15 కిలోమీటర్ల ఉత్తరాన కాంపీ దగ్గర మడుగు అలాంటిదే. ఫిబ్రవరిలో అక్కడికి వెళ్తే కనబడటం దాదాపు ఖాయం.

పడవ గంటసేపు. టికెట్ ఇటీవలి దాకా మనిషికి 7 నుంచి 9 డాలర్లు, పడవలో మనుషులు పెరిగితే తలకు తగ్గుతుంది. పొద్దున్నే ఏడు లోపు గానీ, సాయంత్రం నాలుగు దాటాక గానీ వెళ్లండి. మధ్యాహ్నం నీళ్ల మీద వెలుగు కళ్లలో కొడుతుంది, వీపు తేలినా కనబడదు. మడుగు చేరాక ఇంజన్ ఆపి తెడ్డు వెయ్యమని పడవవాడికి ఎక్కేటప్పుడే చెప్పండి. ఇంజన్ ఆగితే ముందు వినబడేది ఊపిరి, ఒక్కసారి గట్టిగా వదిలినట్టు ‘ఫూ’ మని. ఆ వైపు తల తిప్పేలోపు గుండ్రటి నుదురు, చిన్న రెక్క తేలి మునిగిపోతాయి. ఇవి సముద్రపు డాల్ఫిన్లలా పైకి ఎగరవు, ముక్కు కూడా పొడుగ్గా ఉండదు. ఆ సంగతి నాన్నగారికి ముందే చెప్పి తీసుకెళ్లండి.

కంబోడియా మెకాంగ్‌లో వీటి లెక్క 2020లో 89, 2024లో 105. లావోస్ వైపు 2022లో చివరిదీ పోయింది. చేపలకు వేసే గిల్ వలల్లో చిక్కుకుని, పైకొచ్చి ఊపిరి తీసుకోలేక చచ్చిపోతాయి, ప్రధాన కారణం అదే. టికెట్ కొని చూసేవాళ్లు ఉన్నన్నాళ్లూ ఆ ఊళ్లకి వీటిని కాపాడటంలో లాభం ఉంటుంది. అందుకే వెళ్లమంటున్నాను.

ఉప్పాడ_గాలి | సోమవారం ఉదయం 11:22
డాల్ఫిన్ల కోసమే అయితే ఇదే ఐరావడీ జాతి మన పక్కన చిలికాలో ఉంది, 150 దాకా. పూరీ వైపు సాతపడా నుంచి పడవలు. శీతాకాలంలో రైల్లో వెళ్లి రావచ్చు. ఆ ఒక్క కారణానికి కంబోడియాలో పదమూడు గంటలు ఖర్చు చేసుకోనక్కర్లేదు.

పాలపిట్ట | సోమవారం ఉదయం 11:47
జాతి ఒకటే, కాదనను. కానీ చిలికా ఉప్పునీటి సరస్సు, ఇది సముద్రానికి వందల కిలోమీటర్ల ఎగువన మంచినీటి నది. పైగా క్రాచే అంటే డాల్ఫిన్ ఒక్కటే కాదు. ఊరికి ఎదురుగా నది మధ్యలో కో త్రాంగ్ అనే లంక ఉంది. చుట్టూ దాదాపు 9 కిలోమీటర్ల దారి, కార్లు లేవు, పంపర పనస తోటలు, గ్రామస్తుల ఇళ్లలోనే బస. దక్షిణపు కొసన నీళ్ల మీద తేలే ఇళ్లు. అద్దె సైకిలు మీద తీరిగ్గా మూడు గంటలు. మన గోదావరి లంకలు ఇష్టపడేవాళ్లకి ఆ ఊరు వదలబుద్ధి కాదు.

లంకమేత | సోమవారం మధ్యాహ్నం 12:30
లంక మంచిదే, అభ్యంతరం లేదు. కానీ అమ్మగారి మోకాళ్ల సంగతి ఎవరూ పట్టించుకోవట్లేదు.

ఫిబ్రవరిలో నీళ్లు తగ్గాయని సంతోషిస్తున్నాం కదా, ఆ తగ్గిన నీళ్ల దాకా దిగాలి. క్రాచే ఒడ్డు ఎత్తు. రేవు మెట్లు వానాకాలంలో నాలుగైదు దిగితే పడవ, ఎండాకాలంలో కింది దాకా దిగాలి. ఆపైన చెక్క పలక మీద నడిచి పడవ ఎక్కాలి, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అవతల లంక వైపు ఇసుక మేట బయటపడుతుంది, దాని మీద నడిచి మళ్లీ ఒడ్డెక్కాలి. మెత్తటి ఇసుకలో మోకాళ్లకి మెట్ల కన్నా ఎక్కువ శ్రమ. కాంపీ దగ్గర కూడా పడవ దాకా మెట్లు దిగాల్సిందే. ఫ్నోం సాంబోక్ కొండగుడి అసలే వద్దు, వందల మెట్లు.

కాంపోట్‌లో నది ఒడ్డు పొడుగునా చదునుగా నడకదారి, చెట్లు, కూర్చోవడానికి బల్లలు. సాయంత్రం బోకోర్ కొండల వెనక పొద్దు గుంకడం అక్కడే కూర్చుని చూడొచ్చు. ఒక్క జాగ్రత్త: ఎగువన త్యుక్ ఛూ వైపు నది మీద కట్టిన కర్ర గుడిసెలు ఫొటోల్లో చాలా బాగుంటాయి, కానీ చాలావాటికి నిచ్చెన లాంటి మెట్లు, స్నానాల గది బయట. పెద్దవాళ్లకి ఊళ్లోనే, పాత మార్కెట్ దగ్గర, కింది అంతస్తు గది అడగండి.

సంచారి_సంచి | సోమవారం మధ్యాహ్నం 1:15
మధ్యలో దూరుతున్నాను, నాది వేరే దారి. నేనొక్కడినే, సియెమ్ రీప్ నుంచి లావోస్‌లో నాలుగువేల దీవుల వైపు పోతున్నాను. ఇవే రెండు ఊళ్లలో ఏది?

నల్లమిరియం | సోమవారం మధ్యాహ్నం 1:31
నీకు క్రాచే, తమ్ముడూ. ఆలోచించడానికేం లేదు. కాంపోట్‌కి పోతే దేశం ఆ కొస దాకా వెళ్లి వెనక్కి రావాలి. క్రాచే నుంచి స్తుంగ్ త్రెంగ్ రెండున్నర మూడు గంటలు, అక్కడి నుంచి త్రపేంగ్ క్రియెల్ సరిహద్దు. ‘క్రాచే నుంచి డాన్ దెత్ దాకా’ అని ఒకే టికెట్ అమ్ముతారు, డాన్ దెత్ ఆ దీవుల్లో ఒకటి. సరిహద్దులో బండి మారాలి, అవతలి బండి కోసం గంటా రెండు గంటలు ఆగాల్సి రావచ్చు. టికెట్ కాగితం పారెయ్యకు, అవతలివాడు అదే అడుగుతాడు. స్టాంపుకని ఇద్దరు ముగ్గురు చేతులు చాపుతారు, ఒక్కొక్కరికి రెండేసి డాలర్లు. దానికి సిద్ధంగా ఒక డాలరు, రెండు డాలర్ల చిల్లర ఉంచుకో. పెద్ద నోటిస్తే మిగిలింది వెనక్కి రాదు.

వియత్నాం వైపు పోయేవాళ్లకి లెక్క తిరగబడుతుంది. కాంపోట్ నుంచి ప్రేక్ చాక్ సరిహద్దు దగ్గర, దాటితే హా తియెన్, అక్కడి నుంచి ఫు క్వాక్ పడవలు. వియత్నాం ఈ-వీసా తీసుకునేటప్పుడు ప్రవేశ స్థలంగా హా తియెన్ ఎంచుకోవాలి.

పాలపిట్ట | సోమవారం మధ్యాహ్నం 1:50
సంచారి గారూ, క్రాచేలో రెండు రాత్రులు పెట్టుకోండి. ఒక పూట డాల్ఫిన్లు, ఒక రోజు లంక. ఇంకో పూట ఉంటే 35 కిలోమీటర్ల ఎగువన సాంబోర్ దాకా వెళ్లండి. నూరు స్తంభాల గుడి ప్రాంగణంలోనే మెకాంగ్ తాబేళ్ల సంరక్షణ కేంద్రం ఉంది. పోయిందనుకున్న కాంటర్ మెత్తటిచిప్ప తాబేలు ఈ నదిలో 2007లో మళ్లీ దొరికింది, దాని పిల్లల్ని పెంచి నదిలో వదులుతారు. దారిలో థ్మా క్రే దగ్గర క్రొలాన్ అమ్ముతారు: వెదురు బొంగులో జిగురు బియ్యం, కొబ్బరి పాలు, నల్ల అలసందలు కాల్చింది. పైచెక్క చెక్కేసి ఇస్తారు, అరటిపండు ఒలిచినట్టు ఒలిచి తినాలి. అందులో చేప ఉండదు.

రేవుగట్టు | సోమవారం మధ్యాహ్నం 2:20
మెట్ల సంగతి మాకు తట్టనే లేదు, లంకమేత గారూ. మరి తిండి? రెండు చోట్లా శాకాహారం దొరుకుతుందా?

గోంగూర_గిన్నె | సోమవారం మధ్యాహ్నం 3:02
కాంపోట్‌లో సులువు. విదేశీయులు చాలామంది స్థిరపడ్డ ఊరు, శాకాహార మెనూ విడిగా ఉన్న హోటళ్లు దొరుకుతాయి. క్రాచేలో నది ఒడ్డున ఉన్న గెస్ట్‌హౌసుల్లో చేసి పెడతారు, కానీ అడిగి చేయించుకోవాలి.

సమస్య ఎక్కడొస్తుందంటే, ‘మాంసం వద్దు’ అంటే వాళ్ల లెక్కలో చేప మాంసం కాదు. కూరల్లో చేపల సాస్ త్యుక్ త్రెయ్, చేపల ముద్ద ప్రహోక్, రొయ్యల ముద్ద కాపీ, ఆయిస్టర్ సాస్, ఈ నాలుగూ విడివిడిగా వద్దనాలి. ‘ఆత్ సాచ్, ఆత్ త్రెయ్, ఆత్ త్యుక్ త్రెయ్, ఆత్ ప్రహోక్, ఆత్ కాపీ’ అని చెప్పండి, ‘ఆత్’ అంటే వద్దు, ‘సాచ్’ అంటే మాంసం, ‘త్రెయ్’ అంటే చేప. ఇంకా నయం, హోటల్లో ఇంగ్లిష్ తెలిసినవాళ్ల చేత వద్దనాల్సినవన్నీ, ఆయిస్టర్ సాస్‌తో సహా, ఖ్మేర్ లిపిలో ఒక కాగితం మీద రాయించుకుని ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, మార్కెట్లో అదే చూపించొచ్చు. సూపులు మానేయండి, ఎముకల నీళ్లే ఆధారం.

అడగాల్సినవి: ఛా త్రకువన్, అంటే మన తూటికూర వెల్లుల్లితో వేపుడు, చేపల సాస్ బదులు సోయా సాస్ వెయ్యమనండి. టోఫుతో పచ్చి మిరియాల వేపుడు. తెల్లన్నం అన్ని చోట్లా ఉంటుంది. కందిపొడి, ఊరగాయ సీల్ వేసి చెక్-ఇన్ సామానులో పెట్టుకుంటే పెద్దవాళ్లకి ఏ ఊరైనా గడిచిపోతుంది.

జాగ్రత్త_99 | సోమవారం సాయంత్రం 5:44
కాంపోట్ అనేసరికి అందరూ బోకోర్ కొండ అంటారు. దాని గురించి నేరుగా చెప్పాల్సింది ఉంది. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన సైబర్ ముఠాల కేసు మనవాళ్లందరికీ తెలిసిందే, ఉద్యోగాలని తీసుకెళ్లి కంబోడియాలో బంధించారు. అలాంటి ముఠాల విషయంలో 2025 అక్టోబరులో దక్షిణ కొరియా తన పౌరులు బోకోర్ కొండకి వెళ్లకుండా నిషేధం పెట్టింది. కాంపోట్ ఊరికి కాదు, కొండ ప్రాంతానికి. మన విదేశాంగ శాఖ, నామ్‌పెన్‌లోని భారత రాయబార కార్యాలయం తాజాగా ఏం చెబుతున్నాయో బయల్దేరే వారంలో చూడండి. పరిస్థితి తేలకపోతే కొండ మానేయండి, కాంపోట్‌లో చూడటానికి అదొక్కటే లేదు. ఉద్యోగం పేరుతో ఎవరు పిలిచినా, ఆన్‌లైన్లో పరిచయమైనవాళ్లు ‘కలుద్దాం’ అన్నా ఒంటరిగా వెళ్లేవాళ్లు ఒప్పుకోకండి. సంచారి, ఇది ముఖ్యంగా నీకు.

థాయ్ వైపు నుంచి భూమార్గం నమ్ముకోవద్దు. 2025 జూన్ నుంచి ఆ సరిహద్దు దారులు మూసేశారు, తర్వాత పోరు కూడా జరిగింది. ఈ రెండు ఊళ్లూ ఆ సరిహద్దుకి దూరం, కానీ బ్యాంకాక్ నుంచి బస్సులో వద్దామనుకునేవాళ్లు తాజా స్థితి చూసుకునే టికెట్ కొనాలి.

నల్లమిరియం | సోమవారం సాయంత్రం 6:20
మంచి మాట చెప్పారు. కొండ తెరిచి, అంతా సవ్యంగా ఉన్నప్పుడు వెళ్లేవాళ్లకి ఒక సాంకేతిక జాగ్రత్త కూడా: కింది గేటు నుంచి పైకి ముప్ఫై కిలోమీటర్ల పైన ఘాట్ రోడ్డు, ఎత్తు వెయ్యి మీటర్లు దాటుతుంది. గేర్లు లేని స్కూటర్ మీద దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉంటే వేడెక్కి పట్టు వదిలేస్తుంది, పడేది అక్కడే. గేర్ల బండి తీసుకుని రెండో గేరులో దిగాలి. మోటారు సైకిలు లైసెన్సు, అంతర్జాతీయ పర్మిట్ లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ పైసా ఇవ్వదు. పాస్‌పోర్టు తాకట్టు పెట్టమంటే ఒప్పుకోవద్దు, నకలు ఇచ్చి నగదు డిపాజిట్ కట్టండి. పెద్దవాళ్లు ఉన్నారు కాబట్టి మీకు స్కూటరు అసలే వద్దు, రోజుకి తుక్‌తుక్ మాట్లాడుకోండి.

లంకమేత | సోమవారం సాయంత్రం 6:58
ఫిబ్రవరిలో కాంపోట్ చుట్టుపక్కల, మెట్లు లేకుండా చూడగలిగినవి చెబుతాను.

ఉప్పు మడులు ఊరికి దక్షిణంగా, తూర్పుగా ఉన్నాయి. ఎండాకాలంలోనే పని, తొలి వాన పడితే ఆగిపోతుంది. సముద్రపు నీటిని మడి నుంచి మడికి మళ్లిస్తూ చిక్కబరుస్తారు, చివరి మడిలో ఉప్పు కుప్పలు లాగి కావడి బుట్టల్లో కొటారుకి మోస్తారు. పొద్దున ఎనిమిదిలోపు వెళ్తే పని నడుస్తుంటుంది. పది దాటితే ఎండకి ఎవరూ ఉండరు, మీరూ నిలబడలేరు.

మిరియాల తోటలకి ఇదే కోతల కాలం. తుక్‌తుక్‌లో ఎర్రమట్టి దారి, దుమ్ముకి మూతికి గుడ్డ ఉంచుకోండి. దారిలో ‘రహస్య సరస్సు’ అనే చెరువు వస్తుంది, 1970ల నాటి ఖ్మేర్ రూజ్ అనే క్రూర కమ్యూనిస్టు పాలనలో జనం చేత వెట్టిచాకిరీతో తవ్వించింది. చాలా ప్రాణాలు పోయిన చోటు, ఆ సంగతి తెలిసి చూడాలి.

సాయంత్రం మిణుగురుల పడవ. పెద్ద పడవలు పాటలు పెట్టి తిప్పుతాయి, వాటిలో వద్దు. పదిమంది పట్టే చిన్న పడవ మాట్లాడుకుని, చీకటి పడ్డాక మడచెట్ల దగ్గర ఇంజను, లైటు రెండూ ఆపమనండి. అమావాస్యకి దగ్గర రోజులైతే చెట్టు చెట్టంతా మెరుస్తుంది, పున్నమికి ఏమీ తెలియదు. దోమల మందు రాసుకోవాలి.

కెప్ 25 కిలోమీటర్లు, పీతల మార్కెట్టే ప్రధానం కాబట్టి శాకాహారులకి ఒక పూట గాలికి చాలు.

వైద్యం సంగతి: కాంపోట్ ఊరి శివారులో సోంజా కిల్ స్మారక ఆసుపత్రి ఉంది. క్రాచేలో జిల్లా స్థాయి వైద్యమే, పెద్ద జబ్బు చేస్తే అయిదు గంటలు నామ్‌పెన్ రావాలి. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు నేను మొదట చూసేది ఇదే.

గోంగూర_గిన్నె | సోమవారం రాత్రి 8:10
మిరియాలు కొంటారు కదా, ఒక మాట. కాంపోట్ మిరియాలకి కంబోడియాలో 2010లో, ఐరోపా సమాఖ్యలో 2016లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాంపోట్, కెప్ రాష్ట్రాల్లో పండినవాటికే ఆ పేరు చెల్లుతుంది. మార్కెట్లో గోనెసంచిలో విడిగా పోసి చవగ్గా అమ్మేవి ఎక్కడివో చెప్పలేం. ముద్ర ఉన్న సీలు ప్యాకెట్టే కొనండి, తోటలోనైతే ఇంకా మంచిది.

నల్లవి మన దగ్గరా మంచివే దొరుకుతాయి. అక్కడ కొనాల్సింది ఎర్రవి: తీగ మీదే పూర్తిగా పండాక ఒక్కో గింజా ఏరి ఎండబెడతారు, కొంచెం తీపి వాసన ఉంటుంది. ఆ పండునే నానబెట్టి తోలు తీస్తే తెల్లవి. పచ్చి గుత్తులు చూసి ముచ్చటపడి కొనకండి, రెండు మూడు రోజుల్లో నల్లబడిపోతాయి. అవి అక్కడే వేపుడులో తినాలి.

పాలపిట్ట | సోమవారం రాత్రి 8:45
అమ్మగారికి కాంపోటే సుఖం, ఒప్పుకుంటాను. అయినా నాన్నగారి కోరిక ఊరికే వదిలెయ్యొద్దు. ఇంకో దారుంది: సియెమ్ రీప్‌లో సొంత కారు మాట్లాడుకుని, మధ్యాహ్నానికి కాంపాంగ్ చామ్‌లో ఆగి రాత్రి అక్కడే పడుకోండి. అదీ మెకాంగ్ ఒడ్డే. మర్నాడు పొద్దున బయల్దేరితే క్రాచే మధ్యాహ్నానికల్లా చేరతారు, నాలుగింటికి డాల్ఫిన్లు. మూడో రోజు నామ్‌పెన్. లంక, కొండ వదిలెయ్యండి. కారులో వెనక సీటు అమ్మగారికి, రెండు గంటలకోసారి ఆగడం మీ చేతిలో ఉంటుంది.

లంకమేత | సోమవారం రాత్రి 9:03
కుదురుతుంది, కానీ ఆయన అడిగింది నాలుగు రాత్రులు ఒకే ఊళ్లో, హడావిడి లేకుండా. ఇది రోజుకో ఊరు అవుతుంది.

రేవుగట్టు | మంగళవారం ఉదయం 7:30
ఇంట్లో మాట్లాడుకున్నాం. కాంపోట్ నాలుగు రాత్రులు, సియెమ్ రీప్ నుంచి నామ్‌పెన్ విమానం. బోకోర్ మానేస్తున్నాం. చిలికా సంగతి విని నాన్న సరేనన్నారు, వచ్చే శీతాకాలం అటు. వీసా, డబ్బు విషయంలో ఏమైనా ఉంటే చెప్పండి.

నల్లమిరియం | మంగళవారం ఉదయం 8:02
టూరిస్టు వీసా 30 డాలర్లు, 30 రోజులు. ఈ-వీసా ముందే తీసుకుంటే సియెమ్ రీప్‌లో ఒక వరస తప్పుతుంది. దాంతోపాటు ఈ-అరైవల్ ఫారం చేరే తేదీకి ఏడు రోజుల లోపు నింపాలి, అది ఉచితం. ఆ పేరుతో డబ్బు అడిగే నకిలీ సైట్లు చాలా ఉన్నాయి, చిరునామా చివర ప్రభుత్వ డొమైన్ ‘డాట్ గవ్ డాట్ కేహెచ్’ ఉందో లేదో చూడండి. తిరుగు టికెట్, మొదటి హోటల్ కాగితం చేతిలో ఉంచుకోండి.

డాలర్లూ రీళ్లూ రెండూ చెల్లుతాయి, డాలరుకి నాలుగు వేల రీళ్లకి అటూ ఇటూ. చిరిగిన, గీతలు పడిన డాలరు నోటు ఎవరూ తీసుకోరు, ఇక్కడ మార్చుకునేటప్పుడే ఒక్కో నోటూ తిప్పి చూడండి. ఒకట్లు, అయిదులు ఎక్కువ తీసుకోండి. ఏటీఎంలో ప్రతిసారీ నాలుగైదు డాలర్లు కోస్తారు కాబట్టి ఒక్కసారే పెద్ద మొత్తం తియ్యండి.

లంకమేత | మంగళవారం ఉదయం 8:15
నామ్‌పెన్ నుంచి కాంపోట్‌కి రైలు కూడా ఉందని ఎవరైనా చెబుతారు. 2016లో మళ్లీ మొదలైంది, కానీ రోడ్డు కన్నా గంటన్నర ఎక్కువ, వేళలు మారుతుంటాయి. విమానం దిగి దాన్ని అందుకోవాలని చూడకండి. నలుగురికీ కలిపి కారు మాట్లాడుకోండి, తేచో నుంచి నేరుగా. వెళ్లేటప్పుడు కుడివైపు సీట్లో నాన్నగారిని కూర్చోబెట్టండి, ఊరు దగ్గర పడేసరికి బోకోర్ కొండ అటువైపే కనబడుతుంది.